ఫైలు ఎవరి పేరు మీద ఉంది?

(చిన్న ఆఫీసులు నడిపేవాళ్ళ కోసం విజయవాడలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. సాయంత్రం పూట ఆఫీసు పని పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ముందు వరసల్లో ఆడిటర్ల ఆఫీసుల వాళ్ళు ఉన్నారు. ఇళ్ళ ప్లాన్లు గీసే ఇంజినీర్లు ఉన్నారు. వెనక డీటీపీ, ప్రింటింగ్ పని చేసేవాళ్ళు కనిపిస్తున్నారు. లోపలికి వస్తూ చాలామంది నన్ను ఒకే మాట అడిగారు. ఆఫీసు ఫైళ్ళు క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో ఒక కంపెనీ సర్వర్ల మీద, దాచుకోవడానికి గూగుల్ డ్రైవ్ తీసుకోవాలా, వన్‌డ్రైవా, డ్రాప్‌బాక్సా, జోహోనా? ఏది ఎన్ని జీబీలు ఇస్తుంది?

జీబీల లెక్క ముందే చెప్పేస్తాను, ఆ సంగతి అయిపోతుంది. ఉచితంగా అయితే గూగుల్ 15 జీబీ ఇస్తుంది, జీమెయిల్, ఫోటోలు కూడా అందులోనే సర్దుకోవాలి. బాక్స్ అనే ఇంకో కంపెనీ 10 జీబీ, వన్‌డ్రైవ్ 5 జీబీ, డ్రాప్‌బాక్స్ 2 జీబీ. డబ్బు కట్టే ప్లాన్లలో మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ బేసిక్‌లో మనిషికి 1 టీబీ, అంటే సుమారు వెయ్యి జీబీ, వస్తుంది. గూగుల్ వర్క్‌స్పేస్ స్టార్టర్‌లో మనిషికి 30 జీబీ, దానిపై ప్లాన్‌లో 2 టీబీ. ఈ అంకెలు చూసి మాత్రం నిర్ణయం తీసుకోకండి. పదిమంది లోపు ఉన్న ఆఫీసులో కాగితాలు, ఎక్సెల్ షీట్లు, పీడీఎఫ్‌లు అన్నీ కలిపినా జాగా పెద్ద సమస్య కాదు. ఆఫీసు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ ఫైలు ఎవరి పేరు మీద ఉంది? అది పెట్టిన మనిషి రేపు ఉద్యోగం మానేస్తే దానికి ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నలూ పట్టుకుని ఒక్కో కంపెనీ సరుకునీ చూద్దాం.

చిన్న ఆఫీసులు ఎలా నడుస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కంప్యూటర్ బాగా తెలిసిన కుర్రాడు ఒకతను ఉంటాడు. తన సొంత జీమెయిల్‌లో ఒక ఫోల్డర్ తెరిచి, అందరికీ లింక్ పంపుతాడు. పని సులువవుతుంది, అందరూ మెచ్చుకుంటారు. రెండు మూడేళ్ళలో ఆఫీసు మొత్తం ఆ ఫోల్డర్‌లోకి చేరిపోతుంది. తర్వాత అతనికి హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం వస్తుంది, వెళ్ళిపోతాడు. ఎవరికీ చెడు తలపెట్టే మనిషి కాదు. కానీ ఒకరోజు 15 జీబీ నిండి, మెయిల్స్ రావడం ఆగిపోతుంది. పాత ఆఫీసు ఫోల్డర్ ఇంకెందుకులే అని తీసేస్తాడు. అది అతని ఖాతా, ఖాళీ చేసుకునే హక్కు అతనికి ఉంది. ఇక్కడ మీ జీఎస్టీ రిటర్నుల కాగితాలు, క్లయింట్ల ఒప్పందాలు ఒక్కసారిగా కనిపించకుండా పోతాయి.

ఇలా జరగడానికి కారణం ఉచిత గూగుల్ ఖాతాల పద్ధతి. ఫోల్డర్ మీదే అయినా, అందులో మీ అసిస్టెంట్ ఒక ఫైలు పెడితే ఆ ఫైలుకి ఓనర్ ఆ అసిస్టెంటే. జాగా కూడా వాళ్ళ ఖాతాలోంచే పోతుంది. వన్‌డ్రైవ్‌లో దీనికి తలకిందులు. మీ ఫోల్డర్‌లో ఎవరు ఫైలు పెట్టినా అది మీ జాగాలో, మీ లెక్కలో పడుతుంది. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాల్లో ఇంకో రకం. షేర్ చేసిన ఫోల్డర్ సైజు అందులో ఉన్న ప్రతి మనిషి ఖాతాలోనూ లెక్కకు వస్తుంది. ఒకరు ఒకటిన్నర జీబీ ఫోల్డర్ షేర్ చేస్తే, ఐదుగురి 2 జీబీలూ దాదాపు నిండిపోతాయి. మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి, లోపల ఇంత తేడా ఉంది.

ఉచిత గూగుల్ ఖాతాకి ఇంకో నియమం ఉంది, 2023 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. రెండేళ్ళ పాటు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాని, అందులో ఉన్నదంతా కలిపి, గూగుల్ తొలగించవచ్చు. ఆఫీసు కోసమని ప్రత్యేకంగా ఒక జీమెయిల్ తెరిచి, పాత సంవత్సరాల ఫైళ్ళన్నీ అందులో పడేసి, మళ్ళీ దాని మొహం చూడనివాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. దయచేసి ఈ రాత్రే ఒకసారి లాగిన్ అయి చూసుకోండి.

అందుకే ఆఫీసు పేరు మీద డబ్బు కట్టి తీసుకోమంటాను. కంపెనీల ప్రకటనల్లో ముందు జాగా గురించి, ఏఐ గురించి చెబుతారు. నా దృష్టిలో మీరు డబ్బు కట్టేది అడ్మిన్ హక్కు కోసం, అంటే ఆఫీసు ఖాతాలన్నిటినీ నడిపే అధికారం కోసం. గూగుల్ వర్క్‌స్పేస్‌లో షేర్డ్ డ్రైవ్ అని ఉంటుంది, 2017లో టీమ్ డ్రైవ్ పేరుతో వచ్చింది. అందులో పెట్టిన ఫైలుకి మనిషి ఓనర్ కాడు, సంస్థే ఓనర్. పెట్టినవాళ్ళు వెళ్ళిపోయినా ఫైలు అక్కడే ఉంటుంది. కొనేముందు మీరు తీసుకునే ప్లాన్‌లో షేర్డ్ డ్రైవ్ ఉందో లేదో అడిగి తెలుసుకోండి. అది లేకపోతే మళ్ళీ ప్రతి ఫైలూ ఒక మనిషి పేరు మీదే ఉంటుంది. ఎవరైనా మానేస్తే అడ్మిన్ వాళ్ళ ఖాతా తీసేసేటప్పుడు, వాళ్ళ డ్రైవ్‌ని ఇంకొకరికి మార్చాలా అని గూగుల్ అడుగుతుంది. అక్కడ తొందరపడి ముందుకు నొక్కేయకండి. తీసేసిన ఖాతాని వెనక్కి తెచ్చుకోవడానికి 20 రోజులే గడువు.

మైక్రోసాఫ్ట్‌లో ఇదే పని రెండు పేర్లతో ఉంటుంది. వన్‌డ్రైవ్ మనిషిది, షేర్‌పాయింట్ సంస్థది. ఈ ఒక్క మాట సిబ్బందికి అర్థమయ్యేలా చెబితే సగం గందరగోళం పోతుంది. టీమ్స్ అనే ఆఫీసు చాట్ యాప్ వాడేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. టీమ్స్‌లో బృందమంతా కలిసి వాడే ఛానల్‌లో పెట్టిన ఫైలు షేర్‌పాయింట్‌లోకి వెళ్తుంది. అదే ఫైలుని చాట్‌లో పంపితే, పంపినవాళ్ళ వన్‌డ్రైవ్‌లో కూర్చుంటుంది. చూసేవాళ్ళకి రెండూ ఒకేలా ఉంటాయి. ఆ మనిషి మానేసి, అడ్మిన్ ఖాతా తీసేశాక, మార్చుకోకపోతే 30 రోజులకి ఆ వన్‌డ్రైవ్ పోతుంది. ఆర్నెల్ల తర్వాత ఎవరో చాట్‌లో పాత లింక్ నొక్కి, ఫైలు లేదంటోందేమిటని అడుగుతారు. సిబ్బందికి ఒక నియమం పెట్టండి: ఆఫీసుకి చెందిన ఫైలు ఏదైనా ఛానల్‌లోనే పెట్టాలి.

ఇక రోజువారీ పనికి ఏది నప్పుతుంది? దీనికి నేను మీ ఆఫీసులో ఎక్కువగా ఏ ఫైలు తెరుస్తారని అడుగుతాను.

ఆడిటర్ గారి ఆఫీసుల్లో అది ఎక్సెల్. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలోంచి ఎక్సెల్‌లోకి దించుకుంటారు. ఒక షీటుకీ ఇంకో షీటుకీ లింకులు పెట్టుకుంటారు. ఎప్పుడో ఎవరో రాసిన మాక్రో, అంటే ఎక్సెల్‌లో పనిని దానంతటదే చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్, ఒకటి ఇప్పటికీ నడుస్తూ ఉంటుంది. గూగుల్ షీట్స్ చాలా మంచి పనిముట్టే, ఒక ఫైలులో కోటి సెల్స్ దాకా పడతాయి, పదిమంది ఒకేసారి రాసుకోవచ్చు. కానీ మీ ఎక్సెల్ మాక్రోలు అందులో నడవవు. వాటిని వేరే పద్ధతిలో మళ్ళీ రాయించుకోవాలి. రిటర్నుల గడువు దగ్గరపడ్డప్పుడు ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. అలాంటి ఆఫీసు మైక్రోసాఫ్ట్ వైపు ఉండటమే మేలు. వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఎక్సెల్ ఫైలు పెట్టి, ఆటోసేవ్ ఆన్ చేస్తే, ఇద్దరు ముగ్గురు ఒకేసారి అదే ఎక్సెల్‌లో పని చేసుకోవచ్చు.

అదే, ఎక్కువగా రాతపని చేసే ఆఫీసు అనుకోండి. స్వచ్ఛంద సంస్థ, స్కూలు, చిన్న ప్రచురణ సంస్థ. ప్రతిపాదనలు రాయాలి, నలుగురు దిద్దాలి, పక్కన కామెంట్లు పెట్టాలి. ఇక్కడ గూగుల్ డాక్స్ అంత హాయిగా ఇంకోటి ఉండదు. మొదటి నుంచీ బ్రౌజర్ కోసమే కట్టిన పనిముట్టు అది. పాత సిస్టమ్ మీద, ఫోన్ మీద కూడా నడుస్తుంది. ‘ఫైనల్’, ‘ఫైనల్ న్యూ’, ‘ఫైనల్ కరెక్టెడ్’ అని పేర్లు పెట్టుకుంటూ వాట్సాప్‌లో తిప్పుకునే బాధ పోతుంది. వాట్సాప్ గురించి ఒక మాట చెబుతాను. మనందరి ఆఫీసులూ నిజానికి దాని మీదే నడుస్తున్నాయి, నాకు తెలుసు. చేతిలో ఉంటుంది, అందరికీ తెలుసు, ఖర్చు లేదు. కబురు చెప్పడానికి వాడుకోండి. ఫైలు ఉండే చోటు మాత్రం అది కాకూడదు. ఫోన్ మారిస్తే, మెమొరీ నిండి పాతవి తీసేస్తే, మళ్ళీ ఆ ఫైలు తెరుచుకోదు. క్లౌడ్‌లో పెట్టి, దాని లింక్ వాట్సాప్‌లో పంపండి.

ప్లాన్లు గీసే ఇంజినీర్లకి, ప్రింటింగ్ వాళ్ళకి లెక్క వేరు. మీ ఫైళ్ళు పెద్దవి, రోజుకి పదిసార్లు సేవ్ చేస్తారు, మన దగ్గర అప్‌లోడ్ వేగం అంతంతమాత్రం. డ్రాప్‌బాక్స్ 2008లో జనంలోకి వచ్చినప్పటి నుంచీ ఈ విషయంలో గట్టిది. ఫైలుని 4 ఎంబీ ముక్కలుగా చూసి, మారిన ముక్కలని మాత్రమే పైకి పంపుతుంది. 300 ఎంబీ డ్రాయింగ్‌లో ఒక గోడ జరిపితే 300 ఎంబీ మళ్ళీ ఎక్కాల్సిన అవసరం ఉండదు. వన్‌డ్రైవ్‌కి అన్ని రకాల ఫైళ్ళ మీదా ఈ శక్తి 2020లో వచ్చింది. డ్రాప్‌బాక్స్‌లో ఇంకో సుఖం, పక్క సిస్టమ్‌లో ఇప్పటికే ఉన్న ఫైలుని ఇంటర్నెట్‌లోంచి కాకుండా ఆఫీసు నెట్‌వర్క్‌లోంచే తెచ్చుకుంటుంది. డ్రాప్‌బాక్స్‌ని మన దగ్గర చాలామంది పట్టించుకోరు, ఖరీదు ఎక్కువని. పెద్ద ఫైళ్ళతో బతికే ఆఫీసుకి ఆ ఖరీదు గిట్టుబాటవుతుందని నా అభిప్రాయం.

జోహో వర్క్‌డ్రైవ్ గురించి ఈ మధ్య ఎక్కువ అడుగుతున్నారు. 2025 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ తన అధికారులని జోహో ఆఫీస్ సూట్ వాడమని ఆదేశించాక ఆసక్తి ఇంకా పెరిగింది. దాన్ని మన చెన్నై కంపెనీ అనే ప్రేమతో కాకుండా, పనితనం చూసి తీసుకోండి. పనితనం ఉంది. టీమ్ ఫోల్డర్ అనేది దానికి పునాది, ఫైలు మొదటి నుంచీ సంస్థ పేరు మీదే ఉంటుంది. నేను ఇందాక చెప్పిన ప్రశ్నకి సరైన జవాబు అదే. భారత ఖాతాల డేటా చెన్నై, ముంబైల్లో ఉంటుంది. లోటు ఎక్కడంటే, మీరు పని చేసే అవతలివాళ్ళు, బ్యాంకులు, పెద్ద కంపెనీలు ఎక్సెల్, వర్డ్ ఫైళ్ళే పంపుతారు. కష్టమైన ఎక్సెల్ ఫైళ్ళు జోహో షీట్‌లో తెరిచి, ఫార్ములాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నాకే మారండి.

ఎవరి మీదా ఆధారపడం, మా సర్వర్ మేమే పెట్టుకుంటాం అనేవాళ్ళకి నెక్స్ట్‌క్లౌడ్ ఉంది. 2016లో మొదలైన ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోగల, సాఫ్ట్‌వేర్. జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం సుమారు 30,000 మంది ప్రభుత్వ సిబ్బందిని మైక్రోసాఫ్ట్ నుంచి ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్, నెక్స్ట్‌క్లౌడ్‌ల వైపు మారుస్తోంది. వాళ్ళకి అందుకు తగిన సాంకేతిక సిబ్బంది ఉన్నారు. ఐదుగురున్న ఆఫీసులో, వారానికోసారి వచ్చే హార్డ్‌వేర్ కుర్రాడిని నమ్ముకుని సొంత సర్వర్ పెట్టుకోవద్దు. సర్వర్ పెట్టడం ఒక్కరోజు పని. దాన్ని అప్‌డేట్ చేస్తూ, బ్యాకప్ తీస్తూ, కాపాడుకోవడం ఏళ్ళ తరబడి చేయాలి.

బ్యాకప్ అన్నాను కాబట్టి, ఈ సాయంత్రం మీరు ఇంటికి పట్టుకెళ్ళాలని నేను కోరుకునే రెండో సంగతికి వస్తాను. క్లౌడ్‌లో పెట్టాం కదా, ఇంక భయం లేదు అనుకుంటారు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటర్ కాలిపోయింది. లిథియం బ్యాటరీలని వేరే చోటికి మార్చే పని జరుగుతుండగా నిప్పంటుకుంది. అక్కడ జి-డ్రైవ్ అని ప్రభుత్వ ఉద్యోగుల ఫైళ్ళ కోసం ఒక క్లౌడ్ ఉండేది. మనిషికి 30 జీబీ. సుమారు లక్షా పాతిక వేల మంది వాడుతున్నారు. సిబ్బంది వ్యవహారాల శాఖలో అయితే పని ఫైళ్ళన్నీ అందులోనే పెట్టాలని నియమం. 858 టీబీ పోయింది. ఇంత పెద్దదానికి బయట బ్యాకప్ లేదు. సాంకేతికంగా ప్రపంచంలో ముందు వరసలో ఉన్న దేశంలో జరిగింది ఇది. ఆ ఉద్యోగుల్లో ఒక్కొక్కరూ ఏళ్ళ తరబడి చేసిన పని అది. నాకు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సింక్ అనేది బ్యాకప్ కాదు. సింక్ అద్దం లాంటిది, మీ సిస్టమ్‌లో ఏం జరిగితే అక్కడా అదే కనిపిస్తుంది. మీరు ఫోల్డర్ తీసేస్తే అందరి దగ్గరా పోతుంది. మీ సిస్టమ్‌లోకి వైరస్ వచ్చి ఫైళ్ళకి తాళం వేస్తే, తాళం వేసిన ఫైళ్ళే పైకి ఎక్కుతాయి. 2017 మేలో వనక్రై అనే అలాంటి వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నిటికి కూడా అది తగిలింది, పేపర్లలో చూసే ఉంటారు. అలాంటప్పుడు వెనక్కి వెళ్ళే దారి ఏ పనిముట్టులో ఎంత ఉందో తెలుసుకోవాలి. మైక్రోసాఫ్ట్ 365లో మొత్తం వన్‌డ్రైవ్‌ని గత 30 రోజుల్లో ఒక సమయానికి తిప్పుకోవచ్చు. ఆఫీసు ఖాతాలో తీసేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లో 93 రోజులు ఉంటుంది. డ్రాప్‌బాక్స్ బిజినెస్ ప్లాన్లలో పాత వెర్షన్లు కనీసం 180 రోజులు దొరుకుతాయి. గూగుల్‌లో ట్రాష్ 30 రోజులకి దానంతటదే ఖాళీ అవుతుంది, 2020 అక్టోబరు నుంచి ఇలా మార్చారు. అది ఖాళీ అయ్యాక కూడా వర్క్‌స్పేస్ అడ్మిన్‌కి 25 రోజుల అవకాశం ఉంటుంది. ఉచిత ఖాతాకి ఆ అడ్మిన్ ఉండడు.

ట్యాలీ వాడేవాళ్ళు ఇది జాగ్రత్తగా వినండి. నడుస్తున్న ట్యాలీ డేటా ఫోల్డర్‌ని తీసుకెళ్ళి గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌లోనో వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనో పెట్టకండి. అది ఒక డేటాబేస్. మీరు ఎంట్రీ వేస్తుంటే లోపల చాలా ఫైళ్ళు కలిసి మారుతుంటాయి. సింక్ వాటిని ఒక్కొక్కటిగా, సగం సగం మోసుకెళ్తుంది. రెండు సిస్టమ్‌ల నుంచి తెరిస్తే రెండు కాపీలు తయారై డేటా పాడవుతుంది. సాయంత్రం ట్యాలీ మూసేసి, బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ ఫైలుని క్లౌడ్‌లో పెట్టండి. కంపెనీల లెక్కలు చూసే ఆడిటర్లకి ఇంకో సంగతి తెలిసే ఉంటుంది. 2022 ఆగస్టులో కంపెనీల అకౌంట్స్ నిబంధనలు సవరించాక, ఎలక్ట్రానిక్ లెక్కల పుస్తకాల బ్యాకప్ భారతదేశంలో ఉన్న సర్వర్‌లో రోజూ ఉండాలి. ఉచిత ఖాతాలో మీ ఫైలు ఏ దేశంలో కూర్చుందో మీరు ఎంచుకోలేరు. క్లయింట్ కంపెనీ అయితే ఈ ఒక్క కారణానికే ఉచిత ఖాతా పనికిరాదు.

లింకుల సంగతి కూడా చెప్పాలి. ‘లింక్ ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అనే సెట్టింగ్ అన్నిట్లోనూ ఉంది, తొందరలో అందరం అదే నొక్కుతాం. ఆ ఫోల్డర్‌లో క్లయింట్ల ఆధార్, పాన్ కాపీలు ఉంటాయి. లింక్ ఒకరి నుంచి ఒకరికి వెళ్తూనే ఉంటుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో, డేటాకి తగిన రక్షణ పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. చిన్న ఆఫీసుకి అంత వేస్తారని భయపెట్టడం లేదు. మనల్ని నమ్మి ఒక మనిషి తన ఆధార్ కాగితం చేతిలో పెట్టాడు, ఆ నమ్మకానికి లెక్క చెప్పాలి కదా. మైక్రోసాఫ్ట్, డ్రాప్‌బాక్స్, జోహోల డబ్బు కట్టే ప్లాన్లలో లింక్‌కి గడువు, పాస్‌వర్డ్ పెట్టవచ్చు. గూగుల్ డ్రైవ్ లింక్‌కి పాస్‌వర్డ్ పెట్టే వీలు లేదు, అక్కడ ఈమెయిల్ పేరు పెట్టి మనిషికే అనుమతి ఇవ్వాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

(ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్ కొన్నామండి. డెస్క్‌టాప్ మీద ఫైళ్ళన్నీ వాటంతటవే వన్‌డ్రైవ్‌లోకి వెళ్ళాయి. 5 జీబీ నిండిందని రోజూ చెబుతోంది. ఏం చేయాలి?)

విండోస్ 11 సెటప్ చేసేటప్పుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లని అది వన్‌డ్రైవ్‌కి కలిపేసుకుంటుంది. వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ అనే చోట ఆపేయవచ్చు. కానీ ముందు ఒక పని చేయండి. ఫైళ్ళన్నిటినీ సిస్టమ్‌లో వేరే ఫోల్డర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసుకోండి. కొన్ని ఫైళ్ళ పక్కన నీలం మేఘం గుర్తు ఉంటుంది. అంటే ఆ ఫైలు మీ ల్యాప్‌టాప్‌లో లేదు, పైనే ఉంది, పేరు మాత్రం ఇక్కడ కనిపిస్తోంది. అది చూసుకోకుండా వన్‌డ్రైవ్‌లో తీసేస్తే రెండు చోట్లా పోతుంది.

(ప్రశ్న: మాది చిన్న పత్రికండి. పాత సంచికలన్నీ అను ఫాంట్స్‌లో, పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. గూగుల్ డ్రైవ్‌లో పెడితే అక్షరాలు పిచ్చిగీతల్లా కనిపిస్తున్నాయి, వెతికితే ఏదీ దొరకడం లేదు.)

చాలా మంచి ప్రశ్న అడిగారు. మన తెలుగు ఆఫీసులకి ఇది పెద్ద చిక్కు, బయటి కంపెనీలకి తెలియనిది. అను ఫాంట్స్‌లో కొట్టింది యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లకీ ఒకేలా తెలిసే అక్షరాల పద్ధతి, కాదు. కంప్యూటర్‌కి అది తెలుగుగా తెలియదు, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు వేసి చూపిస్తుందంతే. ఆ ఫాంట్ లేని చోట గీతలే కనిపిస్తాయి. ఏ క్లౌడ్‌కి మారినా ఇది తీరదు. మీరు రెండు పనులు చేయాలి. అసలు పేజ్‌మేకర్ ఫైళ్ళు, వాటి ఫాంట్లు కలిపి ఒక ఫోల్డర్‌లో అలాగే దాచండి, ముట్టుకోవద్దు. తర్వాత ప్రతి సంచికనీ పీడీఎఫ్ చేయండి. ఇప్పుడు రాసేవి యూనికోడ్‌లోనే రాయించండి. పాత వాటిలో వెతకాలి అంటే, పేజీని బొమ్మగా డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి. అది తెలుగు అక్షరాలని గుర్తుపట్టి యూనికోడ్‌లో ఇస్తుంది. రెండు కాలమ్స్ ఉన్న పేజీల్లో వరసలు తారుమారవుతాయి, ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, ఒకరు కూర్చుని దిద్దాలి. ముందు ఒక్క సంవత్సరం సంచికలతో మొదలుపెట్టండి. పని ఎంత పడుతుందో అప్పుడు తెలుస్తుంది, దాన్నిబట్టి మిగతా సంవత్సరాలకి మనిషిని పెట్టుకోవచ్చు. ఆ ఫోల్డర్ మాత్రం ఎవరి సొంత జీమెయిల్‌లోనూ తెరవకండి, పత్రిక పేరు మీదే తెరవండి.